ఇనాయతుల్లా తోసిన తలుపులు

తలుపు కనిపిస్తే తోసి చూడకుండా ముందుకు పోలేడు మా ఇనాయతుల్లా. కళ్యాణదుర్గంలో నా జిరాక్సు అంగడి పక్కనే అతని కంప్యూటర్ రిపేరు షాపు. పొద్దున వచ్చేటప్పుడు వీధి తలుపులన్నీ తోసుకుంటూ వస్తాడు. ఏదైనా తెరుచుకుంటే ఇంటివాళ్లను పిలిచి మరీ చీవాట్లు పెడతాడు. దొంగలైనా ఇంత శ్రద్ధగా పనిచేయరు.

పెళ్లిచూపులకు పోయి కూడా పిల్లకంటే ముందు పెరటి తలుపు చూసొచ్చాడు. "మామూ, మీ గడియ పడల్యా. పిల్ల సంగతి తర్వాత, ముందు సుత్తి తెప్పిచ్చండి" అన్నాడట. లోపల పెళ్లిపిల్ల రమీజా పకపకా నవ్విందట. ఆ నవ్వుతోనే సంబంధం ఖాయమైంది.

2009లో మా ఎదురు స్టూడియో వనజాక్షి, పెళ్లి ఫోటోలన్నీ దాచడానికి నెట్‌కు తగిలించే స్టోరేజీ పెట్టె ఒకటి కొంది. ఇంట్లో కూర్చుని కూడా ఫోటోలు చూసుకునేలా అమ్మినవాడు బిగించి పోయాడు. దసరాకు దానికి ఆయుధపూజ చేసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కూడా కట్టింది. పాస్‌వర్డు మాత్రం కంపెనీవాళ్లు పెట్టిందే ఉంచింది.

మనవాడు ఊరుకుంటాడా? తన షాపులోంచే ఆ పెట్టెను నడిపే వెబ్ పేజీకి పోయి, కంపెనీ పాస్‌వర్డు కొట్టి తోసి చూశాడు.

"వనజక్కా, నీ పెట్టె తెరుచుకున్యాది!"

"నిన్నెవరు తోయమన్యారప్పా?" అని విసుక్కుంటూనే ఆమె పాస్‌వర్డు మార్చింది.

మర్నాడు మళ్లీ ప్రత్యక్షం. "ముందు తలుపుకే తాళం వేసినావక్కా. లోపలి పేజీ అడ్రసు నేరుగా కొడితే పాస్‌వర్డే అడగల్యా. కంపెనీవాళ్ల తప్పిది. ఎవడైనా దూరి అన్నీ తుడిచేసి పోవచ్చు."

"పూజ చేసిన పెట్టెను పట్టుకుని అవేం మాటలు? ఊర్లో పెళ్లిళ్లన్నీ దాంట్లోనే ఉండాయి. అవి పోతే నేను స్టూడియో మూసుకోవాల్సిందే. ఇంక నా గడప తొక్కద్దు!"

ఆమె తిట్లు ముగిసేలోగా స్టూడియో కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో టకటకలాడించి వచ్చేశాడు. ఆ రోజు నుంచి వనజాక్షికి ఇంట్లో ఫోటోలు కనబడలేదు. "వాని చెయ్యి పడి పెట్టె చెడింది" అని నా అంగడికొచ్చిన వాళ్లందరికీ చెప్పేది.

కొన్నాళ్లకు కదిరి నుంచి ఫోన్ వచ్చింది. ఇదే పెట్టె కొన్న ఒక స్టూడియోలోకి ఎవడో నెట్ దారిన చొరబడి ఫోటోలన్నీ తుడిచేశాడట. వనజాక్షి చెప్పులైనా వేసుకోకుండా స్టూడియోకు పరుగెత్తింది. కంప్యూటర్‌లో పెట్టె తెరిచింది. పెళ్లికొడుకులు, పెళ్లికూతుళ్లు అందరూ క్షేమంగా ఉన్నారు.

అప్పుడు చెప్పాను నేను. "వనజమ్మా, ఇనాయతుల్లా ఆ రోజే బయటి దారి మూసేసినాడు. నీ స్టూడియోలో తప్ప ఆ పెట్టె ఇంక యాడా కనబడదు."

"ఆ మాట నాకు చెప్పుంటే ఏం పోయిందన్నా?"

"చెప్తే నువ్వు మళ్లీ తెరిపిస్తావని వాని భయం. నన్నూ చెప్పద్దన్యాడు."

వనజాక్షి జిలేబీ పొట్లం పట్టుకుని అతని షాపుకు పోయింది. తలుపు వేసి ఉంది. ఏం బుద్ధి పుట్టిందో, తోసింది. బార్లా తెరుచుకుంది. తాళమే లేదు!

వెనకనే వచ్చిన ఇనాయతుల్లా తల గోక్కున్నాడు. "మన తిమ్మక్క కూలికి బెంగళూరు పోయిందక్కా. గుడిసెలో మేకలు దూరుతాండాయి. నా తాళం ఆడ వేసినా."

"దానికి ముందు ఉండే తాళం?"

"అది నల్లప్ప మోటరు రూముకు."

వనజాక్షి చీవాట్లు మొదలుపెట్టింది, అచ్చం అతనిలాగే. సాయంత్రానికి కొత్త తాళం కొని, కుంకుమ పెట్టి మరీ ఇచ్చింది.

మర్నాడు పొద్దున నేనే అతని తలుపు తోసి చూశాను. తెరుచుకుంది. నవ్వుకుని దగ్గరగా వేసి, అతను వచ్చేదాకా అక్కడే కాపలా కూర్చున్నాను.