హాల్వర్ చెప్పని సరస్సు

మా వైపు మనిషిని జీతమెంతని అడగొచ్చు, పెళ్ళి ఎందుకు చెడిందని అడగొచ్చు, చెబుతారు. కొకనీ చేప ఎక్కడ పట్టావని మాత్రం అడగకూడదు. అడిగితే "మూతి దగ్గర పట్టాను" అంటారు. గాలం గుచ్చుకునేది మూతికే కదా, అబద్ధం కూడా కాదు. అడిగినవాడు నవ్వేసి ఊరుకోవాలి. రెండోసారి అడిగినవాణ్ణి మర్యాద తెలియనివాడి కింద జమకడతారు.

కొకనీ కూడా సాల్మన్ జాతిదే. కాకపోతే సముద్రం మొహం చూడకుండా సరస్సులోనే పుట్టి అక్కడే పోతుంది. జానెడున్నర పొడవు, ఎర్రటి మాంసం, రుచి సంగతి ఇక నన్ను కదిలించకండి. మా కారిబూ కొండల్లోని పెద్ద సరస్సులో కావలసినన్ని ఉంటాయి. కానీ ఆదివారం వచ్చిందంటే అక్కడ మోటారు పడవల రొద, బీరు డబ్బాలు, పాటలు. ఆ గోల పడనివాళ్ళు చిన్న పడవను బండి నెత్తిన కట్టుకుని, అడవి లోపల ఊరూ పేరూ లేని సరస్సుల కోసం వెతుకుతారు. ఆ వెతకడంలో హాల్వర్ బ్రెక్కెను మించినవాడు మా జిల్లాలో లేడు. కాదనేవాళ్ళెవరైనా ఉంటే రండి, వాదించడానికి నాకు ఓపిక ఉంది.

హాల్వర్ ముప్ఫయ్యొక్క ఏళ్ళు గ్రేడర్ తోలాడు. కలప లారీలు గుంటలు చేసిన మట్టి రోడ్డును బ్లేడుతో గీకి చదును చేసే బండి అది. ఏ వంపులో రాయి ఉందో, ఏ తూము దగ్గర రోడ్డు కుంగుతుందో సీటు అదురును బట్టే చెప్పేవాడు. సాయంత్రాలు వంటింటి బల్ల మీద మ్యాపు పరుచుకుని, భార్య సిగ్నేను పక్కన కూర్చోబెట్టుకుని, నీలం చుక్కలు వెతికేవాడు. సరస్సు లోతుగా ఉండాలి. వేసవిలోనూ అడుగున నీళ్ళు చల్లగా ఉండాలి. అందులోకి గులకరాళ్ళ వాగు ఒకటి దిగాలి, ఎందుకంటే కొకనీ గుడ్లు పెట్టేది ఆ గులకరాళ్ళలోనే. సర్కారు ఎప్పుడో చేపపిల్లల్ని వదిలి, ఆ తర్వాత మరిచిపోయిన సరస్సయితే మరీ మంచిది. అన్నిటికన్నా ముఖ్యం, రోడ్డు దిక్కుమాలినదై ఉండాలి. పెద్ద పడవను ఈడ్చుకొచ్చేవాడు మొదటి గుంటలోనే తిట్టుకుంటూ వెనక్కి తిరగాలి.

అలా వెతగ్గా వెతగ్గా వాళ్ళకొక సరస్సు దొరికింది. మ్యాపులో పేరు లేదు, అంకె ఒక్కటే ఉంది. అది దొరికిన నాటినుంచి ఆ దారిలో చివరి అయిదు కిలోమీటర్లు హాల్వర్ గ్రేడర్ బ్లేడు దించలేదు. మేస్త్రీ అడిగితే, "కింద అంతా బండరాయి, బ్లేడు విరుగుద్ది" అనేవాడు. ఉద్యోగంలో ఆయన చెప్పిన అబద్ధం అదొక్కటే. ఆ ఒక్కదాన్ని మాత్రం పదవీ విరమణ దాకా పట్టు విడవకుండా చెప్పాడు.

ఇక వెల్డా ప్రొకోప్ సంగతి. మా ఊరి పోస్టాఫీసు ఆవిడదే, ఇల్లు హాల్వర్ ఇంటికి ఎదురుగా. అందరూ ఆవిడను రేడియో అంటారు, మొహం మీదే అంటారు, ఆవిడ పలుకుతుంది కూడా. ఆవిడకు పొద్దున చెప్పిన మాట మధ్యాహ్నానికల్లా రంపం మిల్లు దాకా చేరిపోతుంది. హాల్వర్ సరస్సు ఎక్కడో కనిపెడతానని ఆవిడ బహిరంగంగానే పందెం కాసింది. ఒకసారి బండేసుకుని వెంటపడింది కూడా. హాల్వర్ అద్దంలో చూసి, ఆవిడను నలభై కిలోమీటర్లు తిప్పి, ఊరి చెత్త పారబోసే చోటికి తీసుకెళ్ళి దిగబెట్టి, టోపీ ఎత్తి నమస్కారం చేసి వచ్చాడు. ఆ కథను ఊరంతా చెప్పింది కూడా వెల్డాయే.

పన్నెండేళ్ళ కింద సిగ్నే పోయింది. ఆ తర్వాత కూడా హాల్వర్ ఏ జూన్‌లోనూ ఆ సరస్సుకు వెళ్ళడం మానలేదు. ఒక్కడే పడవ ఎత్తేవాడు, ఒక్కడే తెడ్లు వేసేవాడు. ఏటా చలికాలంలో అక్కడ చెట్లు రోడ్డుకు అడ్డంగా పడతాయి. అయితే ఆయన వెళ్ళేసరికి వాటిని ఎవరో కోసి పక్కకు దొర్లించి ఉంచేవారు. అడవి ఆఫీసువాళ్ళ పనేననుకుని హాల్వర్ పొంగిపోయేవాడు. పొగబెట్టిన కొకనీ ఒక సీసాడు కట్టి, కృతజ్ఞతలని రాసి, ఏటా ఆ ఆఫీసుకు పోస్టులో పంపేవాడు. వాళ్ళెందుకు పంపాడని అడగలేదు. తిని ఊరుకున్నారు.

ఈ యేడు మే నెలలో కంటి డాక్టరు చెప్పాల్సిన మాట చెప్పేసింది. చూపు మధ్యలో మసక చేరింది, అంచుల్లో మాత్రమే కనిపిస్తుంది, ఇక బండి తోలడం కుదరదు. లైసెన్సు అక్కడే తీసేసుకున్నారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి ఇంటికొచ్చి, వసారాలో బోర్లించిన పడవ పక్కన ముక్కాలిపీట వేసుకుని రెండు రోజులు కూర్చున్నాడు. కళ్ళు పోయినందుకు కాదు ఆయన బాధ. సరస్సు ఆయన తలలో తప్ప ఇంకెక్కడా లేదు. వెళ్ళాలంటే ఎవరికో ఒకరికి దారి చెప్పాలి. చెప్పాడంటే వచ్చే యేటికి అక్కడ పది పడవలుంటాయి. చెప్పకపోతే ఇంతటితో సరి.

జూన్ రెండో వారం గడిచిపోయింది. నీళ్ళు వెచ్చబడితే చేప లోతుకు దిగిపోతుంది. పడవ అమ్మేద్దామనుకుని అట్ట మీద ధర రాయబోయాడు. అంకె వంకరపోయింది. అప్పుడే వెల్డా రోడ్డు దాటి వచ్చింది.

"ఆదివారం నాకు సెలవు. బండి ఉంది. పడవకి రెండో కొస నేను పట్టుకుంటాను," అంది.

హాల్వర్ ససేమిరా అన్నాడు. ఊళ్ళో అందరూ చచ్చినా రేడియోకి మాత్రం చెప్పనన్నాడు. వెల్డా కోపం తెచ్చుకోలేదు. సరే, వారం రోజుల్లో చేప దిగిపోతుంది, నీ ఇష్టం అని తిరిగి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఆయన తనతో తానే పోట్లాడుకున్నాడు. శనివారం పొద్దున్నే ఎదురింటి తలుపు తట్టాడు.

ఆదివారం తెల్లగా వెలుగొచ్చాక బయలుదేరారు. బండిలో రంపానికి వేసే నూనె వాసన వస్తోంది. మిల్లువాళ్ళ సామానేదో తెచ్చిపెట్టి ఉంటుందిలే అనుకున్నాడు హాల్వర్. ఆయన బుర్ర నిండా ఒకటే ఉపాయం. ఆవిడకు దారి గుర్తుండకుండా తికమక పెట్టాలి. పదిహేడో కిలోమీటరు దగ్గర కుడికి తిప్పమన్నాడు. వెల్డా తిప్పింది. కంకర తవ్విన గొయ్యి దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. ఇరవై మూడు దగ్గర మళ్ళీ కుడికన్నాడు. అక్కడ పాత వంతెన, దానవతల ఏమీ లేదు.

"డీజిల్ నాది, పొద్దు నీది. ఇంకా ఎన్ని చూపిస్తావో చూపించు," అంది వెల్డా నింపాదిగా.

మళ్ళీ వెనక్కి తిరిగి దారిలో పడ్డారు. హాల్వర్ కళ్ళు మూసుకుని సీటు అదురు వింటూ కూర్చున్నాడు. కుంగిన తూము వస్తోంది, మెల్లగా అని చెబుదామనుకునేలోపే వెల్డా బ్రేకు వేసింది. చూసి వేసిందేమోలే అనుకున్నాడు. ఇక ఎడమకు తిరిగే చీలిక దగ్గరపడింది. చెప్పాలా, వద్దా? తిన్నగా పోనిచ్చి, దారి మరిచిపోయానని అబద్ధమాడి ఇంటికి పోతే? సిగ్నే ఉంటే ఏమనేది? నోరు తెరిచాడు. మాట ఇంకా బయటికి రాలేదు. బండి దానంతటదే ఎడమకు తిరిగింది.

గుంటల రోడ్డు మొదలైంది. ఆయన ముప్ఫయ్యేళ్ళు ముట్టుకోని రోడ్డు. వెల్డా ప్రతి గుంటనూ చూడక్కర్లేకుండానే తప్పిస్తోంది. రోడ్డు పక్కన కంటి అంచులో పచ్చిగా, పసుపుగా కోసిన దుంగల మొహాలు కనిపించాయి. అప్పుడాయనకు రంపం నూనె వాసన అర్థమైంది.

అడిగాడు, "ఎప్పట్నించి?"

"పదకొండేళ్ళు. సిగ్నే పోయిన మరుసటేడు. చెత్తకుప్ప దగ్గర దింపావుగా, ఆ పంతంతో మళ్ళీ నీ వెనకాలే వచ్చాను. ఒడ్డున చెట్ల చాటునుంచి చూశాను. నువ్వు నీళ్ళ మధ్యలో తెడ్లు వదిలేసి, సిగ్నే కూర్చునే బల్ల గుడ్డ పెట్టి తుడుస్తున్నావు. తడేం లేదు దాని మీద. బండి వెనక్కి తిప్పుకుని వచ్చేశాను."

"ఊళ్ళో ఎవరికీ…"

"నాకొచ్చి చెప్పిన మాటలే నేను చెప్తాను, హాల్వర్. దాచుకోవాలనుకున్నోళ్ళు నాకెందుకు చెప్తారు? ఒకళ్ళు దాచుకున్నది నేనుగా చూస్తే ఎవరికీ చెప్పను. నువ్వు నాకెప్పుడైనా చెప్పావా? ఇందాక చెప్పబోయావు. అందుకే ముందే తిప్పేశాను. నీ నోటితో విన్నానంటే మాత్రం నా వల్ల కాదు, రేపు పొద్దుటికి ఊరంతా తెలిసిపోద్ది."

హాల్వర్‌కు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకోలేదు. కాసేపయ్యాక ఇంకో సంగతి తట్టి నెత్తి కొట్టుకున్నాడు.

"మరి నేను ఏటేటా ఆఫీసోళ్ళకి సీసా పంపానే!"

"తెలుసు. తూకం వేసింది నేనేగా. పోయినేడు కిలో మూడొందల గ్రాములు."

"ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెప్తే ఈ చోటు నాకు తెలుసని నీకు తెలిసేది. ఇంకోటి వెతుక్కుంటూ పోయేవాడివి. మీ ఇద్దరూ కలిసి వెతికింది ఇంకోటెక్కడ దొరుకుద్ది?" అంది వెల్డా, స్టీరింగు మీంచి చూపు తిప్పకుండా.

పదకొండేళ్ళు. ఇంత నోరున్న మనిషి, రోజూ వందమంది ముందు కౌంటర్లో నిలబడే మనిషి, ఒక్కసారి కూడా జారలేదు. ఎవరో పని చెయ్యని గుమాస్తాలు తినబోయే చేపలకు తన చేత్తో స్టాంపు అంటించింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపిస్తుంది. ఎదురుపడితే మాత్రం రేడియో అనే పిలుస్తాను, అలవాటు.

సరస్సు మీద పల్చటి పొగమంచు విడిపోతోంది. ఇద్దరూ చెరో కొస పట్టి పడవ దించారు. సిగ్నే బల్ల మీద కూర్చోవడానికి వెల్డా మొహమాటపడింది. కూర్చోమన్నాడు. వెల్లుల్లి పట్టించిన తెల్ల మొక్కజొన్న గింజను గాలానికి వేళ్ళతోనే తడిమి గుచ్చాడు. లోపల సీసం ఉన్న దారం, ఎంత పొడవు నీళ్ళలోకి వదిలారో తెలియడానికి పది గజాలకో రంగు మారుతుంది. ఆ రంగులు ఇప్పుడాయనకు కనిపించవు. వెల్డా తెడ్లు వేస్తూ చెప్పింది, పసుపు పోయింది, ఆకుపచ్చ పోయింది. చాలన్నాడు. పడవను తిన్నగా కాకుండా పాము నడకలో తిప్పమన్నాడు. తిప్పినప్పుడు ఎర మందగిస్తుంది, వెంటపడే కొకనీ అప్పుడే నోరు పెడుతుంది.

రెండో వంపులో చేప తగిలింది. కొకనీ మూతి తడిసిన కాగితమంత మెత్తన, గట్టిగా లాగితే చిరిగి పోతుంది. చూపున్న రోజుల్లో హాల్వర్ పదికి మూడు పోగొట్టుకునేవాడు. ఆ రోజు కళ్ళు మూసుకుని, వేలి మీది దారాన్నే నమ్ముకుని, ఒక్కటి కూడా పోనివ్వలేదు. చట్టం ప్రకారం రోజుకు మనిషికి అయిదు చొప్పున పది పట్టుకోవచ్చు, పదీ పట్టారు. ఆ మూడు గంటల్లో వెల్డా రంగులు తప్ప వేరే మాట ఎత్తలేదు. ఊళ్ళో చెబితే ఎవరూ నమ్మరు.

మర్నాడు పోస్టాఫీసులో ఎవరో వెల్డాను గుచ్చి గుచ్చి అడిగారు, హాల్వర్‌ను ఎక్కడికి తీసుకెళ్ళావని. పెద్ద సరస్సుకే, పడవల రేవు పక్కనే పడ్డాయని చెప్పింది. రేడియో చెప్పిందంటే నిజమే అనుకుని మరుసటి ఆదివారం పద్నాలుగు పడవలు ఆ రేవు దగ్గర ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

ఆ వారంలోనే హాల్వర్ గోడ పట్టుకుంటూ పోస్టాఫీసుకు వచ్చాడు. చంకలో ఎప్పటిలాంటి పొట్లమే. తూకం మీద పెట్టాడు. వెల్డా చూసింది. లావుపాటి నల్ల సిరాతో, వేలెడేసి అక్షరాలతో, పైకీ కిందికీ పోయిన వరసలో తన పేరే ఉంది, తన ఇంటి నంబరే ఉంది.

"అడ్రసు తప్పు రాశావు," అంది. "ప్రతి యేడూ ఆఫీసుకి కదా పంపుతావు."

"ఇన్నేళ్ళూ తప్పు రాశాను. ఈసారే సరిగ్గా రాశాను," అన్నాడు హాల్వర్, స్టాంపుకు చిల్లర తీస్తూ.