టబ్బులో రాయి

మా డాబా మీది నీలం ప్లాస్టిక్ టబ్బులో వాననీరు నిలిచి, అందులో రాలిన ఆకులు నాని, అంచుకి పాచి పట్టిందంటే చాలు, ఆ వాసనకి నా చెవులు ఇప్పటికీ వేడెక్కుతాయి. రాజాంలో చదువుకున్న రోజుల్లో ఒక వానాకాలం పడిన సిగ్గు అది, ఎంతకీ ఆరదు.

మాది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. నాన్న తీరంలోని ఊళ్లోనే ఉండిపోతే, అమ్మ నా చదువు కోసం రాజాంలో ఒక గది అద్దెకు తీసుకుని, ఎండు నెత్తళ్లూ కవళ్లూ బస్సులో తెచ్చి, గంపలో పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మేది. మా దుప్పట్లకీ, నా యూనిఫాంకీ, చివరికి పుస్తకాలకీ ఎండుచేపల వాసనే. బళ్లో పిల్లలు ముక్కు మూసుకునేవారు, నా పక్కన కూర్చునేది గౌరి ఒక్కతే. వాళ్లది రైతుల ఇల్లు. వెనకే వరినారు పోసే ఆకుమడి, అరుగు మీద చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూనే మనవలందరినీ తిట్టగలిగిన వాళ్ల నాయనమ్మ, వాన పడితే కాల్చిన జీడిపిక్కలు, వాటి మసితో నల్లబడ్డ మా వేళ్లూ మూతులూ. ఆదివారమొస్తే నా మకాం అక్కడే.

అలాంటి ఒక ఆదివారం ఆకుమడి నీళ్లలో నల్లగా, గుంపులుగా, తోకలాడిస్తూ ఏవో కనిపించాయి. "ఏటే ఇవి?" అని గౌరి నన్నే అడిగింది. బళ్లో ముక్కు మూసుకునే పిల్లలు కూడా అక్కడే ఉన్నారు, వాళ్లూ నా వైపే చూశారు. జీవితంలో మొదటిసారి నా వాసనకి గౌరవం దక్కినట్టనిపించింది. "కొర్రమీను పిల్లలు" అని చెప్పేశాను. బతికున్న కొర్రమీనుని నేనెప్పుడూ చూడలేదు, మాకు తెలిసినవన్నీ ఉప్పునీటి చేపలు. అయినా పాత టబ్బు తెప్పించి, వాటిని అందులో వేయించి, అంచుదాకా నీళ్లు పోయించి, మెతుకులు వేయించి, తెగ పెత్తనం చేశాను.

కొన్నాళ్లకి వాటికి వెనక కాళ్లు మొలిచాయి. నాయనమ్మ చుట్ట తీసి, "కప్పలే అవి" అంది. "సేపల సంగతి మాకు తెల్దేటి?" అని నేను ఎదురు తిరిగాను. సరిగ్గా అప్పుడే అమ్మ గంపతో ఆ వీధిలోకి వచ్చింది. గౌరి పరుగెత్తి వెళ్లి, "పిన్నీ, నువ్ సెప్పు, సేపలే కదా?" అంది. అమ్మ గంప దించి టబ్బులోకి చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"సేపలేనమ్మా" అంది.

ఆ సాయంత్రం పొయ్యి ఊదుతూ, కోప్పడకుండానే చెప్పింది. "కప్పపిల్లలే అవి. కాళ్లొచ్చీసినాయి, ఇంక నాల్రోజులు పోతే సేపలాగ నీళ్లల్లో ఊపిరి పీల్సనేవు. ఎక్కి కూకోడానికేటీ నేకపోతే సచ్చిపోతాయి. రేపెల్లి ఓ రాయెయ్యి."

రాయి వేస్తే అవి చేపలు కావని నేనే ఒప్పుకున్నట్టు. మర్నాడు బడి నుంచి వస్తూ ఒక రాయి ఏరి సంచిలో వేసుకున్నాను కూడా. గౌరి వాళ్ల గుమ్మం దాకా వెళ్లి, పిల్లల మాటలు వినిపించగానే వెనక్కి తిరిగి వచ్చేశాను.

మళ్లీ ఆదివారం వెళ్లేసరికి, తోకలింకా పూర్తిగా కరగని చిట్టి కప్పలు తెల్లటి పొట్టలతో నీళ్ల మీద తేలుతున్నాయి. పక్కనే ఆకుమడి గట్టు మీద అదే వయసు కప్పలు గొంతు కింది చర్మం టపటపలాడిస్తూ, గాలి మింగుతూ కూర్చున్నాయి. తర్వాతెప్పుడో పెద్ద తరగతిలో, కప్ప తడి చర్మంతోనూ ఊపిరితిత్తులతోనూ శ్వాసిస్తుందని టీచరు పాఠం చెబుతుంటే నేను తలెత్తలేదు.

కప్పలు చచ్చి తేలిన ఆ ఆదివారమే అమ్మ మళ్లీ ఆ వీధిలోకి వచ్చింది. గౌరి వాళ్ల నాన్న నవ్వుతూ, "ఏటే, ఆ గంపలోవైనా సేపలేనా, కప్పల్నెండబెట్టి అమ్ముతన్నావా?" అన్నాడు. వీధంతా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. రాయి వేయమని మా పిల్లకి చెప్పానని ఒక్క మాట అనలేదు, నా వైపు చూడనైనా లేదు. తల మీది గుడ్డ చుట్టకుదురు సర్దుకుని గంప ఎత్తుకుంది. ఆ తర్వాత ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్లేది. ఎందుకని నేను అడగలేదు, నాకు తెలుసు కనక.

ఇప్పుడా ఆకుమడి ప్లాట్లయింది. నాయనమ్మ లేదు, అడ్డపొగ పీల్చేవాళ్లే కనబడరు, ఎంత వాన పడినా అక్కడ కప్పల అరుపు వినపడదు. భుజాలు నొప్పులతో అమ్మ గంప మానేసి నా దగ్గరే ఉంటోంది. డాబా మీదికి కప్పలేం వస్తాయి? అయినా ఆ టబ్బులో ఎప్పుడూ ఒక రాయి వేసి ఉంచుతాను. ఎందుకో అమ్మకి చెప్పలేదు.

మొన్న వాన వెలిశాక, ఆరేసిన బట్టలు తీయడానికి అమ్మ పైకొచ్చి, టబ్బు దగ్గర ఆగింది. నీళ్లు పెరిగి రాయి కనబడడం లేదు.

"ములిగిపోనాదే" అంది.

మూలనున్న ఇటుక ముక్క తెచ్చి రాయి మీద పెట్టి, నీళ్ల పైకి తేలిందో లేదో అరచేత్తో తడిమి చూసి, బట్టలు భుజాన వేసుకుని కిందికి వెళ్లిపోయింది.