దేవసహాయం సారు, ఒక పొట్టేలు, ఒక ప్రాక్టికల్ పరీక్ష

మిర్యాలగూడలో ఒక డిగ్రీ కాలేజీలో దేవసహాయం సారు కంప్యూటర్ పాఠాలు చెబుతారు. సొంతూరు కోదాడ. కుర్రతనంలో అక్కడే టైపు నేర్చుకున్నారు. టైపు మిషన్లు మూలపడ్డాక కంప్యూటర్ ముందుకు జరిగారు. నెమ్మదస్తుడు. ఎంత కోపమొచ్చినా ఒక్క మాట అనరు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు, అంతే. అద్దాలు ఎంతసేపు తుడిచారన్నదాన్ని బట్టి పిల్లలు ఆయన కోపాన్ని అంచనా వేసుకుంటారు.

చాలా ఏళ్లు ఆయన కూడా అందరిలాగే పరీక్షలు పెట్టారు. ప్రశ్నకు జవాబు తెల్లకాగితం మీద రాయాలి, మార్కులు తీసుకోవాలి. ఒక ఏడు శోభ అనే అమ్మాయి ఒకే ఉత్తరాన్ని వందమందికి వేరువేరు పేర్లతో ఎలా పంపాలో మెట్టు మెట్టుగా, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. క్లాసులో మొదటి మార్కు ఆమెదే. మర్నాడు ల్యాబుకు వచ్చి కంప్యూటర్ ముందు బుద్ధిగా నిలబడింది.

"సార్, దీన్ని యాడ ఒత్తితే లేస్తది?" అని అడిగింది.

ఆ సాయంత్రం సారు అన్నం సరిగా తినలేదు. ఆయన భార్య సుజాత దవాఖానలో నర్సు. విషయం విని ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"సూది ఎట్ల వెయ్యాలో రాసి పాసైన పిల్లను నేనైతే పేషెంటు దగ్గరకు పోనియ్యను. చేసి చూపియ్యమంటా" అంది.

ఆ మాట ఆయనకు బాగా నాటుకుంది. మరుసటి ఏడు ప్రిన్సిపాలును ఒప్పించి, ప్రాక్టికల్ మార్కుల్లో పెద్ద వాటా పోర్ట్‌ఫోలియోకు పెట్టించారు. పిల్లలకు అర్థమయ్యేలా చెప్పారు కూడా. ఎవరికైనా నిజంగా అవసరమైన పని ఒకటి కంప్యూటర్ మీద చేసిపెట్టాలి. మొదట చేసినదీ, తర్వాత దిద్దినదీ రెండూ ఫైల్లో దాచాలి. ఎక్కడ తప్పు పోయిందో, ఎలా సరిచేసుకున్నారో సొంత మాటల్లో రాయాలి.

పిల్లలు తలలూపారు. గడువు నాటికి ఫైళ్లన్నీ తళతళలాడుతూ బల్ల మీదికి వచ్చాయి. సారు మొదటిది తెరిచారు. 'మా నాయనమ్మ' అని ఒక వ్యాసం, పక్కన బొట్టు పెట్టుకున్న ఒక ముసలమ్మ ఫొటో. బాగుందనుకుని రెండోది తెరిచారు. అదే వ్యాసం, అదే ముసలమ్మ. మూడోదీ అంతే. బస్టాండు పక్క జిరాక్సు సెంటరతను ఒక్కసారి తయారుచేసి పేర్లు మాత్రం మార్చి అందరికీ ఇచ్చాడు.

"ఈ పెద్దావిడకు ఇంతమంది మనవలా?" అన్నారు సారు.

ముందు బెంచీలో నగేష్ ధైర్యం చేశాడు. "పెద్ద కుటుంబం సార్."

సారు కళ్లద్దాలు తీశారు. గంట కొట్టేదాకా తుడుస్తూనే ఉన్నారు. తర్వాత ఫైళ్లన్నీ ఎవరివి వాళ్లకు తిరిగిచ్చేసి, ఇకమీదట పనంతా ల్యాబులో తన కళ్ల ముందే చేయాలని తేల్చిచెప్పారు.

ఎవరికి ఏం పని చేసిపెట్టాలో తోచక అప్పుడు ఇరకాటంలో పడింది రజని. పాలకీడు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. తండ్రి ఐలన్నకు గొర్ల మంద ఉంది. ఇంటికి పోయి, పోర్ట్‌ఫోలియో చెయ్యాలి, నీకేమన్నా పనుందా అని అడిగితే ఐలన్న బెదిరిపోయాడు.

"గీ వయసుల నీకు పోలియో చుక్కలేంది బిడ్డా? కాలేజీల గవి గూడ ఏస్తున్నరా?"

అది ఏమిటో ఆమె చెప్పి ముగించేలోపే పని దానంతట అదే వచ్చిపడింది. ఐలన్న ప్రాణంలా చూసుకునే పొట్టేలు మంద నుంచి తప్పిపోయింది. రెండు రోజులు చేలూ కాలువ గట్లూ తిరిగినా కనిపించలేదు. రజని ల్యాబులో కూర్చుని వాట్సాప్‌లో పంపడానికి ఒక పోస్టరు చేసింది. పైన ఎర్రటి పెద్ద అక్షరాలతో 'పొట్టేలు'. దాని కింద పోయిన పండక్కి తీసిన ఫొటో, మెడలో పూలదండతో. ఆ కింద చీమల బారులాగా 'తప్పిపోయినది, ఆచూకీ తెలిసినవారు ఫోన్ చేయగలరు'. ఫోన్ నంబరు ఎలా పెట్టాలో చూపించడానికి ఆ రోజు సారు నమూనాగా బోర్డు మీద తన నంబరే రాశారు. రజని దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించి, క్లాసు గ్రూపులో పెట్టి బస్సెక్కింది.

తెల్లారేసరికి అది సూర్యాపేట దాకా పోయింది.

"అన్నా, పొట్టేలు ఎంతకిస్తవ్?" మొదటి ఫోన్.

"ఏ పొట్టేలండీ?"

"నాటకాలొద్దే. దండ ఏసి ఫొటో పెట్టినవ్ గదా! ఎన్ని కిలోలుంటది?"

ఒకాయన వచ్చే ఆదివారానికి కావాలని మెసేజు పెట్టాడు. ఒకాయన కొమ్ములతో సహా ఇస్తావా అన్నాడు. ఇంకొకాయన తమ ఊళ్లో పెళ్లికి ఇలాంటివే నాలుగు చూడమన్నాడు. చర్చిలో ప్రార్థన మధ్యలో కూడా జేబు మోగింది. సారు బయటికి పరిగెత్తి, "అమ్మడానికి కాదండీ, అసలు అది నాది కాదండీ" అని గుసగుసగా చెబుతుంటే లోపల పాట ఆగిపోయి, ఆ మాట అందరికీ వినిపించింది. మధ్యాహ్నానికి కోదాడ నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఏరా దేవా, ఉద్యోగం మానేసి గొర్రెల వ్యాపారం పెట్టావంట! ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకపోతే ఎట్లారా?"

సోమవారం రజని ల్యాబులోకి అడుగుపెట్టలేక గడప దగ్గరే నిలబడింది. కళ్లలో నీళ్లు.

"నంబర్ మార్చుడు మర్సిపోయిన సార్."

"నంబరు సంగతి తర్వాత. నీ పోస్టరు చూసి అందరూ రేటెందుకు అడిగారో చెప్పు."

రజని తెర మీద పోస్టరును మళ్లీ చదివింది. "పొట్టేలు పెద్దగ రాసిన. తప్పిపోయిందని సిన్నగ రాసిన. అమ్ముతున్నమనుకున్నరు సార్."

"అదమ్మా! ఇది చెరిపెయ్యకు, ఫైల్లో పెట్టు. ఇప్పుడు ఇంకోటి చెయ్యి."

రెండో పోస్టరులో 'తప్పిపోయింది' అన్న మాట పైకెక్కింది. పూలదండ ఫొటో పోయి, ముఖం స్పష్టంగా కనిపించేది వచ్చింది. ఎడమ చెవి నలుపు, కుడి కొమ్ము కొన విరిగింది అని గుర్తులు చేరాయి. నంబరు దగ్గర మాత్రం రజని చేయి ఆగింది.

"మా నాయిన మందల ఉంటే ఫోన్ ఎత్తడు సార్. ఎత్తినా గొర్లను అదిలిస్తనే ఉంటడు. అవుతలోళ్లు తమనే తిడుతుండనుకుని పెట్టేస్తరు."

సారు నిట్టూర్చారు. "సరే, నాదే ఉంచు."

ఈసారి ధరలు అడగడం మానేసి జనం ఫొటోలు పంపసాగారు. నల్ల పొట్టేళ్లు, తెల్ల పొట్టేళ్లు, మేకలు. ఎవరో కుక్కను కూడా పంపి 'ఇదేనా' అని అడిగారు. సుజాత ఆయన ఫోన్ తిరగేసి, "మన పెళ్లి ఫొటో ఒక్కటి లేదు గానీ గొర్ల ఫొటోలు మాత్రం బోలెడున్నయి" అంది.

చివరికి దామరచర్ల నుంచి టీ కొట్టు బుచ్చమ్మ ఫోన్ చేసింది. నల్ల చెవి, విరిగిన కొమ్ము అన్నీ కలిశాయి. సారు, ఐలన్న, రజని ఆటో మాట్లాడుకుని బయలుదేరారు. పొట్టేలు కొట్టు ముందు గుంజకు కట్టేసి ఉంది. ఇంటి దగ్గర కంటే కాస్త ఒళ్లు చేసింది కూడా. ఐలన్న పరుగున పోయి పిలిచాడు. అది తలెత్తి చూడలేదు. బుచ్చమ్మ చేతిలోని బిస్కెట్ మీదే దాని ధ్యాసంతా.

బుచ్చమ్మకు అనుమానం వచ్చింది. "అసలు నీదేనా?"

"నా పాణమే అది! బిస్కెట్ సూసి మర్సింది తల్లీ" అంటూ ఐలన్న దాని మెడ పట్టుకుని ఏడ్చేశాడు. రజని ఫోన్‌లో పోస్టరు ఫొటో తెరిచి విరిగిన కొమ్ము పక్కన పెట్టి చూపించాక బుచ్చమ్మ కట్టు విప్పింది. తిరుగు ప్రయాణంలో పొట్టేలు సారుకూ ఐలన్నకూ నడుమ నిలబడి, సారు చొక్కా అంచు నములుతూ వచ్చింది. ఐలన్న అదేమీ చూడనట్టే ఊరుకున్నాడు.

ప్రాక్టికల్ రోజున సూర్యాపేట నుంచి లక్ష్మీనర్సయ్య గారు పరీక్షకుడిగా వచ్చారు. ఆయనకు రికార్డు అంటే అట్ట వేసి, మార్జిన్లు గీసి, తప్పన్నది లేకుండా ఉండాలి. రజని ఫైలు తెరిచి రెండు పోస్టర్లూ, రేట్లడిగిన మెసేజులూ, ఆటోలో పొట్టేలు ఫొటోనూ చూశారు.

"ఏంది సార్ గిది? కంప్యూటర్ పరీక్షనా, పశువుల దవాఖాననా?"

"పిల్లనే అడగండి సార్" అన్నారు దేవసహాయం.

లక్ష్మీనర్సయ్య గారు రజని వైపు తిరిగారు. ఆ పొద్దునే ఆయన టిఫిన్ డబ్బా బస్సులో మరిచిపోయారు. భార్యకు ఏం చెప్పాలో తెలియక దిగులుగానే ఉన్నారు. "అయితే నా టిఫిన్ డబ్బా పోయింది. నా ముందట పోస్టరు చెయ్యి, సూస్త" అన్నారు.

రజని కీబోర్డు ముట్టుకోకుండా ముందు అడగడం మొదలుపెట్టింది. ఏ బస్సు? ఏ సీటు? డబ్బా మీద పేరుందా? ఫోన్ చేస్తే వెంటనే ఎత్తేది ఎవరు?

"నేను పరీక్షలల్ల ఉంట. మా ఇంటామె నంబర్ పెట్టు" అని, వెంటనే ఉలిక్కిపడ్డారు. "వద్దు వద్దు! డబ్బా పోయినట్టు ఆమెకు తెల్వొద్దు."

ల్యాబంతా ఘొల్లుమంది. పరీక్షకుడు కూడా చివరికి నవ్వారు. రజని పోస్టరు పూర్తిచేసింది. ఆయన దాన్ని పైనుంచి కిందికి చదివి, 'ఆచూకీ'లో దీర్ఘం పోయిందని ఒక మార్కు కోసి, మిగిలినవన్నీ వేశారు. నగేష్ మొదట చేసిన పెళ్లిపత్రికలో వరుడి పేరు రెండుచోట్ల రెండు రకాలుగా ఉంది. తప్పును తానే కనిపెట్టి దిద్దానని వాడు రాసుకున్నందుకు వాడికీ మంచి మార్కులే పడ్డాయి.

సారు ఇంటికి చేరేసరికి సుజాత డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఎట్ల చేసిన్రు పిల్లలు?"

"ఒక్కరు కూడా తప్పు లేకుండా చేయలేదు" అన్నారు సారు, ఎన్నడూ లేనంత హుషారుగా. "అయితేనేం, ఎవరి తప్పులు వాళ్లే చేసుకున్నారు."