ఆదోనిలో ఒక కారును పైకి లేపడానికి పోయి

కార్ల సస్పెన్షన్ మార్చడం నా పని. బెంగళూరులో చిన్న షాపు ఉంది. ఆదోని నుంచి గిరీశ్ అనే ఆయన ఫోన్ చేసి, "మురళన్నా, నా కారు నేలకు ఆనుకొని పోతాంది. మీట నొక్కితే లేసల్ల, మళ్ళా నొక్కితే కూర్చోవల్ల. అట్లా చేసిస్తావా?" అని అడిగాడు.

అతనిది రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. అసలే కిందికుండే రకం. ముందున్న యజమాని ఎవరో షోకు కోసం పొట్టి స్ప్రింగులు వేయించి దాన్ని ఇంకా దించాడు. ఇలాంటి వాటికి నాలుగు చక్రాల దగ్గరా స్ప్రింగులు తీసేసి గట్టి రబ్బరు గాలి సంచులు పెడతాం. డిక్కీలో ఒక కంప్రెసరు, గాలి ట్యాంకు, స్టీరింగు పక్కన మీట. గాలి నిండితే బండి లేస్తుంది, వదిలితే దిగుతుంది. కారును బెంగళూరుకే తెమ్మన్నాను. "దారిలో స్పీడు బ్రేకర్లు ఎవురు తీస్తారన్నా?" అన్నాడు. అందుకని నేనే సామాను కట్టుకుని బయల్దేరాను.

రాత్రి రైల్లో గుంతకల్లు చేరి, తెల్లవారాక ఆదోని మీదుగా పోయే పాసింజరు ఎక్కాను. గుంతకల్లులో మారేవాళ్ళు కాఫీ, టిఫిను ప్లాట్‌ఫాం మీదే కానిచ్చుకోవడం మేలు. పాసింజరులో అమ్మేవాళ్ళు ఎక్కుతారని నమ్మకం లేదు. నా మూడు పెట్టెలు దారికి అడ్డంగా ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న హాలహర్వి రైతు వాటిలో ఏముందని అడిగాడు. కారును పైకి లేపే సామానన్నాను.

"ముందే పైనుండేది కొనుక్కోవచ్చు గదప్పా?"

"పైనే ఉండింది. ఎవరో దించారు."

"దించేదానికి ఒకాయన, లేపేదానికి ఒకాయన. బాగుండాది మీ పని" అన్నాడు. రైలుపెట్టె అంతా నవ్వింది, నేనూ నవ్వాను. కిటికీ బయట నల్లరేగడిలో పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు కనిపించారు. ఎనిమిది దాటాక ఆదోనిలో దిగాను.

గిరీశ్ స్కూటర్ మీద వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. వాళ్ళది మార్కెట్ యార్డులో పత్తి కొనే కుటుంబం. స్పోర్ట్స్ కారున్న మనిషి స్కూటర్ మీద వచ్చాడేమని చూస్తుంటే, అర్థమై, "స్టేషన్ దారిలో రెండు బ్రేకర్లు ఉండాయన్నా" అన్నాడు. పెట్టెలు ఆటోలో వేయించి, నన్ను ఒక చిన్న హోటలుకు తీసుకుపోయి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించాడు. బొరుగులతో చేసే ఈ ఉగ్గాని తినకుండా ఎవరూ ఆదోని దాటకూడదు.

తింటున్నంతసేపూ కారు గురించే మాట్లాడాడు. ఎమ్మిగనూరులో వాళ్ళ అక్క సునంద ఉంటుంది. ఆమె భర్త ప్రహ్లాద్ చీరల వ్యాపారం చేస్తూ, పాత కార్లు కూడా కొని అమ్ముతాడు. ఈ కారు ఆయన దగ్గరే కొన్నాడు. "మా బావ ఇచ్చినాడంటే కళ్ళు మూసుకొని తీసుకోవచ్చు. చిన్నప్పటి నుంచి నాకు ఏది కావల్లన్నా ఆయప్పే" అన్నాడు. రెండో తరగతి చదివే కూతురు హారిక ఆ కారుకు కప్ప అని పేరు పెట్టిందట. వెనక ఉన్న చిన్న సీటు ఆ పాపదే. పని అయిపోతే ఆదివారం భార్యనూ పాపనూ ఎక్కించుకుని హైవే మీద బెంగళూరు రావాలని అతని ఆశ.

ఎమ్మిగనూరు రోడ్డులో, పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులు దాటాక మెకానిక్ ఖాదర్ అన్న షెడ్డు. గాలికి కొట్టుకొచ్చిన దూది ముళ్ళకంపల మీద తెల్లగా పట్టి ఉంది. ఆదోనిలో కారును మనిషెత్తు లేపే లిఫ్టు ఉన్న షెడ్డు ఇదేనని గిరీశ్ చెప్పాడు. నీలం రంగు కారు లోపల మెరుస్తోంది. దాని కిందికి నా అరచెయ్యి కూడా నిలువుగా పట్టలేదు. లిఫ్టు చేతులు ఎట్లా పోతాయి? చెక్కలు పరిచి, చక్రాలను వాటి మీదికెక్కించి, అప్పుడు దూర్చాం. ఆ సాయంత్రానికి ముందు రెండు చక్రాల పని అయింది. స్టేషన్ దగ్గర లాడ్జిలో పడుకున్నాను. శుభ్రమైన గదే.

మరునాడు పొద్దున వెనక చక్రాలు ముగించి, డిక్కీ నుంచి ముందుకు గాలి గొట్టం లాగడం మొదలుపెట్టాను. గొట్టాన్ని కారు అడుగున క్లిప్పులతో బిగించాలి. అడుగంతా నల్లటి రబ్బరు పూత, తుప్పు పట్టకుండా వేసేది. మామూలుగా పలచగా ఉంటుంది. ఇక్కడ వేలిమందం ఉంది. క్లిప్పు కోసం కొంచెం గీకాను. పూత కింద వెల్డింగు గీత కనిపించింది.

చిన్న రిపేరేమో అనుకుని ఇంకొంచెం గీకాను. గీత ఆగలేదు. ముందు సీట్ల వెనక, కారు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా పోయింది. గీతకు ముందు అసలు రంగు ఎరుపు. వెనక వెండి రంగు. పైనేమో నీలం.

లిఫ్టు దించి, లోపల కార్పెట్ లాగి చూశాను. అక్కడా అదే గీత. తలుపు వెనక స్తంభంలోనూ అదే. రెండు కార్లు గుద్దుకుని పనికిరాకుండా పోతే, ఒకదాని ముందు సగం, ఇంకోదాని వెనక సగం కోసి అతికించారు. ఇలాంటివి ఉంటాయని వినడమే. ఇన్నేళ్ళలో ఒక్కటీ చూడలేదు.

ఖాదర్ అన్నను పిలిచాను. ఆయన బండిని మళ్ళీ లేపాడు. ఎడమ అంచు దగ్గర అతుకు పగిలి ఉంది. ఆ పగులులో నా గోరు దూరింది. లోపలి ఇనుము ఇంకా తుప్పు పట్టలేదు, అంటే ఈమధ్యే విచ్చుకోవడం మొదలైంది. ఇంతకాలం ఈ కారు బతికిందంటే వేగంగా పోలేకపోయినందుకే. నేను నాలుగు గాలి సంచులు పెట్టి, దాన్ని హైవేకి పంపబోతున్నాను. వెనక సీట్లో పాపతో.

గిరీశ్ యార్డు నుంచి వచ్చేసరికి పదకొండు. కారు కిందికి తీసుకుపోయి చూపించాను. గీత మీద వేలు పెట్టి చివరిదాకా నడిచాడు.

"ఫ్యాక్టరీలో ఇట్లే అతికిస్తారేమోనన్నా?"

"రెండు రంగుల ఇనుము ఫ్యాక్టరీలో అతికించరు గిరీశ్."

"ఇవి రెండు బండ్ల శవాలప్పా" అన్నాడు ఖాదర్ అన్న మెల్లగా. "పాపను ఎక్కించుకొని తిరిగినావు, అల్లా కాపాడినాడు."

గిరీశ్ నేల మీదే కూర్చున్నాడు. తర్వాత లేచి, "బావకు తెల్సుండదు. పాపం, ఆయప్పను ఎవురో మోసం చేసినారు. ఫోన్లో సెప్పేది కాదు, పోదాం. నువ్వూ రా అన్నా, నువ్వు సెప్తే అర్థమవుతాది" అన్నాడు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులు తరచుగానే ఉంటాయి, గంట ప్రయాణం. మధ్యాహ్నం బస్సు ఎక్కాం. రెండు పక్కలా పత్తి, మధ్యలో కందులు. గిరీశ్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నా పక్కన నూలు మూటతో ఉన్న పెద్దామె మూటను ఒళ్ళోకి లాక్కుంటూ, "సేతులు కడుక్కోకుండా బస్సెక్కినావేమప్పా?" అంది. చూసుకుంటే రెండు చేతులూ మోచేతిదాకా నల్లగా ఉన్నాయి. అంతవరకూ నాకు తెలియనే లేదు. నీళ్ళ సీసా ఇచ్చి, "ఎవురికన్నా బాగలేదా?" అని అడిగింది. అందరూ బాగున్నారని చెప్పాను.

ప్రహ్లాద్ గారి ఇల్లు చీరల దుకాణం మీదే. సందులో మగ్గాల చప్పుడు మెట్ల దాకా వినిపిస్తోంది. సునంద గారు తమ్ముణ్ణి చూసి సంతోషపడి, మజ్జిగ ఇచ్చి, "పాపను తేలేదేమిరా గిరీ?" అన్నారు. ప్రహ్లాద్ భోజనం ముగించి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. శాంతంగా కనిపించే మనిషి. నన్ను ఆదరంగా కూర్చోమన్నాడు.

గిరీశ్ ఆయన నొచ్చుకోకుండా మొదలుపెట్టాడు. "బావా, నీకొక మాట సెప్పల్ల. కోపం తెచ్చుకోవద్దు. ఆ కారు విషయంలో నిన్ను ఎవురో మోసం చేసినారు." నేను ఫోన్లో తీసిన ఫొటోలు ముందు పెట్టాను. ప్రహ్లాద్ ఫోను వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"ఆ రబ్బరు ఎవురు గీకమన్నారు నిన్ను?"

గిరీశ్ మజ్జిగ గ్లాసు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. బావ ఏమన్నాడో అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అది అర్థమవడం నేను అతని ముఖంలో చూశాను. ఆ ముఖం మళ్ళీ చూడాలని లేదు.

"నీకు తెల్సా బావా?"

"అది కాదు గిరీ. అంత కింద ఉండే బండి మన రోడ్ల మీద యాడికి పోతాది? నాలుగు బ్రేకర్లు తగిలితే ఇసుగొచ్చి షెడ్లో పెడ్తావు, చూసుకొని మురుస్తావు అనుకొన్యా. నువ్వు దాన్ని లేపిస్తావని నాకేం తెల్సు? నీ దుడ్డు నీకిచ్చేస్తాలే."

గోడ దగ్గర నిలబడిన సునంద గారు ముందుకొచ్చారు. అంతవరకూ భర్తను మీరు అంటూ ఉన్న మనిషి.

"పోయిన నెల వీళ్ళు పాపను ఎక్కించుకొని ఈడికే వచ్చినారు గదా. వంకరటింకరగా, బ్రేకర్లు తప్పించుకుంటా. నువ్వే గదా తలుపు తీసి పాపను దించినావు?"

ఆయన చేతిలోని తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తెల్సే దించినావా? సాయంత్రం మళ్ళా తెల్సే ఎక్కించినావా? టాటా కూడా సెప్పినావు గదయ్యా!"

ప్రహ్లాద్ తల దించుకున్నాడు. గిరీశ్ గ్లాసు కింద పెట్టి, "పోయొస్తామక్కా" అని లేచాడు. బావ వైపు చూడలేదు.

తిరుగు బస్సులో, ఆదోని గుట్టలు కనిపిస్తుండగా ఒక్కసారే మాట్లాడాడు. "దీన్ని ఇంకొకరికి అమ్మితే నేను గూడా బావనే అవుతానన్నా."

మూడో రోజు పొద్దున గాలి సంచులు, కంప్రెసరు విప్పి పెట్టెల్లో సర్దుకున్నాను. గిరీశ్ అడక్కుండానే సాయం చేశాడు. తర్వాత ఖాదర్ అన్నతో, "కోసేయన్నా. ఆ గీత మీదనే కోసెయ్" అన్నాడు. కట్టరు మంట ఎడమ అంచు దగ్గర మొదలైంది. నేననుకున్నంత సేపు పట్టలేదు. కారు రెండుగా విడిపోయి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి వాలింది. ఆ అతుకు ఎంత నాసిరకమో ముగ్గురం చూశాం. గిరీశ్ బయటికి పోయి రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడు.

పదకొండు తర్వాత వచ్చిన గుంతకల్లు పాసింజరులో అతనే పెట్టెలు ఎక్కించాడు. బండి కదిలిన కాసేపటికి తెలియని నెంబరు నుంచి ఫోన్. సునంద గారు.

"అన్నా, మీ నెంబరు గిరీ ఇచ్చినాడు. యాడున్నారు?"

"బండిలోనమ్మా. ఆస్పరి వస్తోంది."

"ఆస్పరిలోనే దిగుతారా? మీకు దండం పెడ్తాను. మా ఆయన ఆడ ఒక రైతుకు గూడా కారు అమ్మినాడు. మంచిదేనంటాడు. ఆయన మాట నేనెట్లా నమ్మేది? ఇంట్లో ఐదుమంది, దాంట్లోనే తిరుగుతాండారు."

పెట్టెలతో సహా ఆస్పరిలో దిగాను. ఆమె ముందే ఫోన్ చేసినట్టుంది, రైతు లింగన్న ఆటోతో స్టేషన్ బయట నిలబడి ఉన్నాడు. భయపడి ఉన్నాడు. వాళ్ళ ఇంటి ముందు, మామూలు నాలుగు తలుపుల తెల్ల కారు. లింగన్న భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి అరుగు మీద వరుసగా నిలబడ్డారు. జాకీ వేసి, కింద చాప పరుచుకుని దూరాను. అడుగు గీకాను, కార్పెట్లు లేపాను, స్తంభాలు తడిమాను, డిక్కీలో చూశాను. ఎక్కడ చూసినా ఒకే తెలుపు. ఫ్యాక్టరీ అతుకులు తప్ప ఇంకేమీ లేవు. నమ్మలేక మళ్ళీ మొదటి నుంచి చూశాను.

అరుగు మీద కూర్చుని సునంద గారికి ఫోన్ చేశాను. "అమ్మా, ఇది ఒకటే కారు" అన్నాను. అవతల ఆమె ఏడవడం వినిపించింది. నిన్న భర్త ముందు ఒక్క కన్నీటి చుక్క రాల్చని మనిషి. ఫోన్ పెట్టేయకుండా వింటూ ఉన్నాను. లింగన్న తల్లి నాకు జొన్నరొట్టె, పప్పు పెట్టింది. సాయంత్రం బండికి లింగన్నే స్టేషన్‌కు తీసుకుపోయాడు, అదే తెల్లకారులో.

ఆదోని పోయేవాళ్ళకు చెప్పదగినవి ఇంకా ఉన్నాయి. గుట్టలున్నాయి, కోట ఉందట, ఎమ్మిగనూరు చీరలున్నాయి. నేను అవేవీ చూడలేదు. నేను చూసింది పాపను కారులోంచి దించి, మళ్ళీ ఎక్కించి, టాటా చెప్పిన మనిషిని. ఆయన ముఖం ఎంత ప్రయత్నించినా దుర్మార్గుడి ముఖంలా గుర్తుకు రావడం లేదు. గుంతకల్లు దగ్గరపడుతుండగా కూడా, నన్ను కూర్చోమని ఆదరంగా కుర్చీ చూపిస్తున్నట్టే కనిపించాడు.