కాళ్లు మడిపించే మేస్త్రీ

"రేపు డిపో దగ్గర పదిమందిలో నిజం చెప్తా" అని పదకొండేళ్ల కింద మా కార్ల మేస్త్రీకి మాటిచ్చాను. చెప్పలేదు. మొన్న మంగళవారం ఆయన పోయాడు. ఇక మీకైనా చెప్పాలి.

నారాయణఖేడ్‌లో కొత్త కార్ల గుట్టు తెలిసిన మనిషి ఆయనొక్కడే. "పాత జీపులల్ల కాలుతోని తొక్కితే తీగె గుంజుతుండె, గాలి రెక్క తెరుచుకుంటుండె. ఇప్పుడు తీగె లేదు సారూ. నీ కాలు అర్జీ పెడతది, కంప్యూటర్ మంజూరు చేస్తది, గప్పుడు మోటారు రెక్క తెరుస్తది." ఇన్ని పుస్తకాలు చదివాను, ఇంత తేటైన వాక్యం కొన్నింటిలోనే దొరికింది.

ఆ రెక్క ఉండే థ్రాటిల్ పాడైతే ముందు బ్యాటరీ వైరు విప్పేవాడు. బోల్టులు తీసి, అంచు మసి మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్త గాస్కెట్ పట్టీ పెట్టి కొత్త థ్రాటిల్ బిగించేవాడు. అసలు పని ఆ తర్వాతే. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి ఉంచాలి. రెక్క ఎక్కడ మూసుకుంటుందో కంప్యూటర్ నేర్చుకునేదాకా పెడల్ ముట్టకూడదు. మా దిక్కు అందరం పాత జీపుల మీద నేర్చినవాళ్లమే, తాళం తిప్పగానే కాలు తనంతట తానే రెండుసార్లు తొక్కుతుంది. అందుకే చెప్పులు విడిపించి, సీటు మీదే బాసింపట్టు వేయించేవాడు.

"సక్లముక్లం కూసో పటేలా, బువ్వకు కూసున్నట్టు. బండి సదువుకుంటుంది."

సర్పంచి అయినా కూర్చోవలసిందే. మా తమ్ముడు మాత్రం "నాకు నేర్పుతున్నవా?" అని కాళ్లు మడవలేదు. మేస్త్రీ పానాలు సర్దడానికి లోపలికి పోగానే రెండుసార్లు తొక్కాడు. నేను వెనక సీట్లోంచి చూశాను. పెళ్లికి పోతుంటే కంగ్టి దారిలో, చదువు సగంలో చెడిన ఆ బండి మూడుసార్లు ఆగింది. మర్నాడు తమ్ముడు డిపో దగ్గర నిలబడి, "వానికి పని రాదు, బండి ఖరాబ్ చేసిండు" అని అందరికీ చెప్పాడు. డ్రైవర్లు ఒక్కొక్కరే మేస్త్రీ దగ్గరికి రావడం మానేశారు.

ఆ సాయంత్రమే మేస్త్రీకి ఆ మాటిచ్చి, తెల్లారి సాక్ష్యం చెప్పడానికి బయల్దేరబోతే మా అమ్మ ఆపింది. "అన్నదమ్ములు బజార్ల పడతరా?" అంది. ఆగిపోయాను.

వారం తర్వాత కలిస్తే మేస్త్రీయే పలకరించాడు. "పరేషాన్ గాకు సారూ. ఎవరు తొక్కిండ్రో నాకెరుకే. చాయ్ తాగు."

సగం గ్లాసు వదిలేసి లేచాను. ఆ ఏడే ఆయన షెడ్డు మూసి, ఇంకొకరి దగ్గర పంచర్లు వేయడానికి చేరాడు. చివరిదాకా అదే పని.

మొన్న ఆయనకు స్నానం చేయించారు. గోళ్ల కింది నూనె నలుపు మాత్రం పోలేదు. దండ తెచ్చినవాళ్లలో ఒకడు ఆ చేతులకు దండం పెట్టి, "మంచి పనిమంతుడు" అన్నాడు. నా పిరికితనం నేను మోస్తాను. ఆ చేతుల్లోంచి పని లాక్కున్నది మాత్రం ఆ దండం పెట్టినవాడే, మా తమ్ముడు.