తారుమారైన చెక్కలు

నిన్న ఉదయం పాలకు వెళ్తే, పాలాయన గేదెల ముందు మేత మోపు విప్పుతున్నాడు. అప్పుడే కోసిన లూసర్న్. ఆ పచ్చి వాసన తగలగానే నాకు వీరమ్మ గుర్తొచ్చింది. ఆమె గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

పందొమ్మిది వందల ముప్ఫైలనాటి మాట. తాడేపల్లిగూడెం దగ్గర ఒక వ్యవసాయ క్షేత్రంలో రైతులకు కొత్త పంటలు చూపించి చెప్పే డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం నాకు దొరికింది. చదువు కొత్త, కోటు కొత్త. వీరమ్మది అక్కడ ఎడ్లకు మేత కోసే పని. మండవల్లి వైపు కొల్లేటి ఒడ్డు నుంచి వచ్చిన మనిషి, నలభై దాటి ఉంటాయి. ఆ చలికాలం లూసర్న్, బర్సీమ్ అనే రెండు రకాల మేత పక్కపక్క మళ్ళలో చల్లించి, పేర్లు రాసిన చెక్కలు నేనే పాతాను. రెండూ మూడేసి ఆకుల మొక్కలే. పూత వచ్చేదాకా పోల్చుకోవడం కష్టం. కాని లూసర్న్ ఏళ్ళ తరబడి కోతకొస్తుంది, బర్సీమ్ ఎండలు ముదిరితే చచ్చిపోతుంది. రైతుకు ఆ తేడా తెలియాలి.

ఒకరోజు వీరమ్మ రెండు రెమ్మలు పట్టుకొచ్చింది. “బాబుగారండీ, నిరుడు నేను కోసిన లూసర్నుకి నడిమాకుకి విడిగా చిన్న కాడుండేదండి. ఆకు కొసన సన్నటి పళ్ళుండేవి. ఇప్పుడవి మీరు బర్సీమన్న మడిలో ఉన్నాయండి. చెక్కలు అటూ ఇటూ అయినట్టున్నాయండి.”

“చదువుకున్నది నువ్వా, నేనా?” అన్నాను. ఆమె రెమ్మలు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. నేను వంగి చూడనైనా లేదు.

కామవరపుకోట రైతులను వెంటబెట్టుకుని మా పై ఆఫీసరు వచ్చిన రోజుకు పూత వచ్చింది. బర్సీమ్ అని రాసిన మడి నిండా లూసర్న్ ఊదాపూలు. రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “ఎవరయ్యా చెక్కలు మార్చింది?” అన్నాడు ఆఫీసరు.

“మేత కోసేవాళ్ళు పీకి, మళ్ళీ పాతేటప్పుడు మార్చేసుంటారండి” అన్నాను.

వీరమ్మ తలమీద మోపుతో అక్కడే ఉంది. నావైపు ఒక్కసారి చూసింది. మర్నాటి నుంచి ఆమెను పనిలోకి రావద్దన్నారు.

నెల తర్వాత ఉండబట్టలేక వాళ్ళ ఊరు వెళ్ళాను. మోకాటి లోతు నీళ్ళలో తుంగ కోస్తోంది. నన్ను చూసి గట్టుకొచ్చి చేతులు తుడుచుకుంది. “తప్పు నాది వీరమ్మా” అన్నాను.

“ఆ మాట ఆఫీసరుగారికి చెప్పారాండీ?”

లేదన్నట్టు తలూపాను.

“మరి నాకెందుకండీ చెప్పడం? నాకు తెలుసు కదండీ.” గొంతులో కోపం లేదు. “ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్ళండి” అని ఇంటివైపు చూపించి, మళ్ళీ నీళ్ళలోకి దిగింది.

తిరిగొచ్చి ఆఫీసరు గది గుమ్మం దాకా వెళ్ళాను. లోపల ఎవరో ఉన్నారని వెనుదిరిగాను. ఆ తర్వాత ఆయనకు బదిలీ అయింది.

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఎందరో రైతులకు ఆకు చూసి మొక్కను పోల్చడం నేర్పాను. ఆమె చెప్పిన మాటలతోనే, అదే వరసలో. “ఎంత తేలిగ్గా చెప్పారండీ” అనేవారు. ఎవరు నేర్పారని ఒక్కరూ అడగలేదు. అడగనందుకు ప్రతిసారీ లోలోపల ఊపిరి పీల్చుకునేవాణ్ణి.