లక్డారం పోయే రాకెట్ల బండి

మా అక్క ఫోన్ చేసినప్పుడు నేను దుకాణం షట్టర్ ఎత్తుతున్నాను. "మీ బావను లేపితే లేస్తలేడే," అన్నది. గొంతులో ఏడుపు లేదు. పాలబ్బాయి ఇంకా రాలేదని చెప్పినంత మామూలుగా చెప్పింది. సగం ఎత్తిన షట్టర్ అట్లాగే వదిలేసి పరుగెత్తాను. నేను పోయేసరికే వాడకట్టంతా ఇంటి ముందర ఉంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పి వెళ్లాడట.

బతుకమ్మ పండుగ నడుస్తున్న రోజులవి. వరండాలో ఆయన బల్ల మీద, తన చేత్తో చేసిన ఆ ఏటి చిన్న బండి నిలబడి ఉంది. దాని మీద చెయ్యి వేశాను. చెయ్యి తీసి చూస్తే వేలికి పచ్చరంగు. రాత్రి పొద్దుపోయాక ఒక పూత వేసినట్టున్నాడు, ఇంకా ఆరలేదు. రంగు ఆరలేదు, మనిషి పోయాడు. అప్పుడు ఏడ్చాను నేను, వాడకట్టు వినేటట్టు.

మీలో ఎవరైనా పటాన్‌చెరు నుంచి బొల్లారం పోయే మందుల కంపెనీ బస్సు ఎక్కి ఉంటే మా బావను చూసే ఉంటారు. డ్రైవర్ సీట్లో నిటారుగా కూచుని, హారన్ కొట్టకుండా బండి నడిపే మనిషి. షిఫ్టుకు ఆలస్యమై ఉరుకుతూ వచ్చే ఆడపిల్ల అద్దంలో కనపడితే, ఎవరు ఎంత గొణిగినా బస్సు కదలనిచ్చేవాడు కాదు. అంతకుముందు మిలిటరీలో డ్రైవర్. అక్కడ ఆయన నడిపింది బస్సు కాదు, రాకెట్లు వదిలే బండి. లారీ వెనకాల వరసలు వరసలుగా గొట్టాలు. మీట నొక్కితే ఒకదాని వెనక ఒకటి రాకెట్లు లేచిపోతాయి. పొగ చూసి శత్రువు గురిపెట్టేలోపల బండి అక్కడి నుంచి కదిలిపోవాలి. సరిహద్దు కొండల్లో యుద్ధం జరిగిన ఏడు ఆయన అక్కడే ఉన్నాడు. తిరిగి వచ్చాడు. ఆయనతోపాటు ఇక్కణ్ణుంచే భర్తీ అయిన దోస్తు, పక్కూరు లక్డారం మనిషి, తనూ అట్లాంటి బండి డ్రైవరే, తిరిగి రాలేదు.

ఆ బండినే మా బావ జానెడు బెత్తెడు పొడవున చేసేవాడు. అది ఆటబొమ్మ అంటే ఊరుకునేవాడు కాదు. కొన్న సామాను తక్కువ, ఏరుకొచ్చినదే ఎక్కువ. రాకెట్ల గొట్టాలకు పెన్నుల్లో అయిపోయిన రీఫిల్లులు. వాడకట్టు పిల్లలంతా బడి నుంచి తెచ్చి ఆయన గుప్పిట్లో పోసేవాళ్లు. చక్రాలకు సెలైన్ సీసాల రబ్బరు మూతలు. ఇరుసుకు సైకిల్ పుల్ల. లారీ బాడీలు కట్టే షెడ్డు వాళ్లు పారేసిన సన్న రేకుతో క్యాబిన్. దాని తలుపులు గోటితో లాగితే తెరుచుకునేవి.

నాకు గాజుల దుకాణం ఉంది కదా, గోళ్లరంగు బుడ్లు ఎండిపోతే చాలు, వచ్చి వాలేవాడు.

"మరదలా, బుడ్డి నాకొద్దు, అండ్ల కుంచె ఇయ్యి."

"ఏం బావా, మిలిటరీ బండికి గోళ్లరంగు ఏస్తున్నవా?"

"ఏస్త. నీ పెదవుల రంగు గూడ ఉంటే తే, ఎనక లైట్లకు కావాలె."

అట్లా వాదులాడుకునే వరస మాది. మా అక్క నోరు లేని మనిషి. ఆమె వాటా కూడా నాకే వచ్చిందని మా బావ అనేవాడు.

రంగు దగ్గర మాత్రం పరాచికాలు సాగేవి కావు. మిలిటరీ పచ్చ డబ్బాలో దొరకదు, కలుపుకోవాలె అనేవాడు. పసుపుపచ్చ రంగులో నల్లరంగు చుక్క చుక్క వేస్తూ పుల్లతో తిప్పుతుంటే, నా కళ్లముందే అది ముదురు పచ్చగా మారేది. నాకది ఎప్పుడూ గారడీలాగే ఉండేది. పలచగా ఒక పూత వేసి, ఆరేదాకా చేతులు కట్టుకుని కూచునేవాడు. "రంగుకు తొందరపెడితే తోలు లేస్తది," అనేవాడు. తళతళలాడే బండి తయారయ్యాక సుద్దపొడి, సన్నమన్ను నీళ్లలో కలిపి దాని ఒంటికి పూసేవాడు. ఇంత కష్టపడి మళ్లీ మట్టి కొట్టుడేందని నేను మొత్తుకుంటే, "దుమ్ము లేని బండి షోరూంల ఉంటది మరదలా, లడాయిల ఉండదు," అనేవాడు. గీసిన గీత వెంట్రుకంత పక్కకు పోయినా రంగంతా గీకి మొదటికి వచ్చేవాడు.

క్యాబిన్లో మనుషుల్ని మాత్రం పెట్టేవాడు కాదు. "మొఖాలు నాకు చేతగావు," అని ఊరుకునేవాడు.

ఇదంతా ఎందుకు మొదలైందో చెప్పాలి. యుద్ధం నుంచి వచ్చిన తర్వాత చాలా రోజులు ఆయన లక్డారం వైపు పోలేకపోయాడు. చివరికి ఒకనాడు మనసు గట్టిచేసుకుని పోయాడు. దోస్తు తల్లి, మేమంతా అవ్వ అనే ఆమె, ఏడవలేదట, తిట్టలేదట. కాళ్లకు నీళ్లిచ్చి, ఎదురుగా కూచుని ఒక్కటే అడిగిందట.

"బిడ్డా, ఆ దినం నా కొడుకు తినే పోయిండా?"

"తిన్నడు అవ్వా. పొద్దుగాల పూరీలు. కడుపునిండ తిన్నడు."

తర్వాత, వాడు నడిపిన బండి ఎట్లుంటది అని అడిగింది. లారీ మీద పొడుగు గొట్టాలు, అవి పైకి లేస్తయి అని మా బావ చేతులతో చూపించాడు. ఆమె "బోరుబండి లెక్కనా బిడ్డా?" అన్నదట. పొలాల్లో బోర్లు వేసే లారీ ఒక్కటే ఆమె ఎరిగిన గొట్టాల బండి. "బోరుబండి మీద కూసున్నోడు ఎట్ల సచ్చిపోయిండు మరి?" అని కూడా అడిగిందట. మా బావ ఇంటికి వచ్చి, ఆ వారంలోనే రేకుముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

మొదటి బండి తయారైన ఏడు నేనూ వెంట పోయాను. దసరా నాడు స్కూటర్ వెనకాల, ఒళ్లో అట్టపెట్టె పెట్టుకుని, గుంతల్లో అది అదిరినప్పుడల్లా తిట్లు తింటూ. అవ్వ దాన్ని అరుగు మీద పెట్టించుకుని చుట్టూ తిరిగి చూసింది. తలుపు తెరిచి, "ఈ దిక్కు కూసునేటోడా?" అని డ్రైవర్ సీటు మీద వేలు పెట్టింది. పెట్టి, తీయలేదు. కాసేపటికి లోపలికి పోయి పసుపు, కుంకుమ, నిమ్మకాయ తెచ్చింది. దసరా నాడు బండికి ఏం చేస్తామో అవన్నీ చేసింది. నెలలపాటు వేసిన రంగు మీద తడిపసుపు పూసింది. బొట్లు పెట్టింది. ముందు చక్రం కింద, చక్రం కన్నా పెద్ద నిమ్మకాయ పెట్టి, "ఇగ తోలు బిడ్డా," అన్నది.

మా బావ నా మొఖం చూశాడు. నేను తల తిప్పుకున్నాను. తోలాడు. చక్రం ఊడి కోళ్ల గంప కిందికి పోయింది, బండి మూతి బోర్లా పడింది, రీఫిల్లు గొట్టాలు అరుగంతా దొర్లాయి. అవ్వ నోటి మీద చెయ్యి వేసుకుంది. మా బావ పకపకా నవ్వాడు. యుద్ధం నుంచి వచ్చాక ఆయన నవ్వగా వినడం నాకదే మొదలు. "బండన్నంక రిపేరు రాదా అవ్వా? మళ్ల దసరాకు తెస్త," అన్నాడు.

అట్లా ఏటా దసరాకు ఒక బండి లక్డారం పోయింది. ఏటా అవ్వ పసుపు పూసింది. ఏటా అదే మాట అడిగింది, నా కొడుకు తినే పోయిండా అని. ఏటా మా బావ తిన్నడు అవ్వా అన్నాడు.

ఈ సంగతిలో మా అక్కకు ఒక కష్టం ఉండేది. మా బావ ఇంట్లో తిండి సరిగ్గా తినేవాడు కాదు. పళ్లెంలో సగం వదిలి లేచేవాడు, పొద్దున టిఫిన్ అసలు ముట్టేవాడు కాదు. లక్డారం పోతే మాత్రం కడుపునిండా తిని వచ్చేవాడు. "నా చేతి వంట గంత చేదా? ఆ ముసలమ్మ ఏం మందు పెడ్తున్నదే?" అని మా అక్క నా దగ్గర కళ్లొత్తుకునేది.

ఈ ఏడు పండుగ దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం వరండాలోకి పోయాను. మాత్రల అట్టల మీద ఉండే వెండి రేకును చిమటాతో పట్టుకుని మడుస్తున్నాడు. కందిగింజంత ఉంది.

"గిదేంది బావా?"

"టిఫిన్ డబ్బా."

సీటు పక్కన అంటించాడు. మూత వెనక్కి తెరిచి ఉంది. లోపల ఖాళీ. గోళ్లరంగు కుంచెకు ఒకే వెంట్రుక ఉంచి, అంచుకు నూనె మరకలాగా చిన్న గీత గీశాడు. అప్పుడు తలెత్తకుండానే చెప్పాడు.

"ఆ దినం వాడు తినలే మరదలా. పూరీలు డబ్బాల పెట్టుకున్నడు. కదలాలె అని ఆర్డర్ వచ్చింది. వచ్చి తింట అన్నడు. నా బండి ఎనక ఉన్నది. గుండు వాని బండి మీద పడ్డది. తర్వాత చూస్తె డబ్బా దొరికింది. మూతకు సొట్ట గూడ పడలే. లోపల పూరీలు అట్లనే ఉన్నయి."

నేను వంగి ఆ కందిగింజంత డబ్బాలోకి చూశాను.

"బండ్ల అన్నీ కరెక్టే పెట్టిన. ఇదొక్కటే అబద్ధం," అన్నాడు. "అవ్వకు కండ్లు మసకలైనయి. నోటితోని చెప్పి చెప్పి నాకు ఆపతి అయితున్నది. ఈసారి వేలు పెట్టి తనే సూసుకుంటది."

ఆ ఈసారికి ఆయన లేడు. మా ఇంట్లో దసరా రాలేదు. దినాలు అయిపోయాక మా అక్క ఆ బండిని అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ పాత చీరముక్కలు కుక్కి నా చేతికిచ్చింది. "నువ్వే పోవాలె. లేకపోతే ఆయన మాట పోతది," అన్నది. షేర్ ఆటోలో ఒళ్లో పెట్టె పెట్టుకుని కూచుంటే ఒకటే ఆలోచన. అవ్వ ఆ మాట నన్ను అడిగితే? గాజులు అమ్మేటప్పుడు ఎన్నయినా చెబుతాను గానీ, ఒక తల్లి ముందర ఆ అబద్ధం నా నోట్లోంచి వస్తుందా? నిజం జారితే మా బావ ఇన్నేండ్లు మోసింది ఒక్క పూటలో నేను కింద పడేసినదాన్నవుతాను.

అవ్వ అరుగు మీదనే ఉంది. నా గొంతు గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరం ఏడ్చాం. కొంగుతో మొఖం తుడుచుకుని, "బండి తెచ్చినవా?" అన్నది.

"దసరా అయిపాయె అవ్వా."

"బండి వచ్చిన్నాడే దసరా."

తడుముకుంటూనే పసుపు కలిపింది, బొట్లు పెట్టింది. నిమ్మకాయ పెట్టి తోలమన్నది. నేను కళ్లు మూసుకుని తోశాను. బండి నిమ్మకాయను నూకుకుంటూ అరుగు చివరిదాకా పోయింది. ఒక్క గొట్టం ఊడలేదు. ఈ సంగతి చూడటానికి ఆయన ఉండవలసింది.

అవ్వ తలుపు తీసి, అలవాటుగా సీటు మీద వేలు పెట్టింది. వేలు పక్కకు జరిగి ఆగింది.

"గిదేంది బిడ్డా?"

"టిఫిన్ డబ్బా అవ్వా."

"మూత?"

"తీసున్నది."

"లోపల?"

"ఏం లేదు. అంత తినేసిండు," అన్నాను.

అవ్వ నా తల నిమిరింది. "మీ బావ లెక్కనే నీకు గూడ అబద్ధమాడ చాతగాదు," అన్నది. "నా కొడుకు పొద్దుగాల ఏనాడు తిన్నడు? చిన్నప్పటిసంది అంతే. బడికి పోతుంటే ముద్ద పట్టుకుని ఎంటబడేదాన్ని. వచ్చి తింటనే అని ఉరికెటోడు."

"తెల్సి గూడ ఏటేటా ఎందుకడిగినవ్ అవ్వా?"

"మొదాలు వచ్చిన్నాడు బువ్వ పెడితే మీ బావ మెతుకు ముట్టలే. పళ్లెం దిక్కు చూసుకుంట కూసున్నడు. అప్పుడడిగిన, నా కొడుకు తినే పోయిండా అని. తిన్నడు అవ్వా అన్నడు. వాడు తిన్నడు గద, మరి నువ్వు తిను బిడ్డా అన్న. అప్పుడు మీ బావ తిన్నడు. ఇగ ఎన్నడొచ్చినా ముందు అదడిగి, అటెంక పెట్టేదాన్ని."

మా అక్క కన్నీళ్లు నాకప్పుడు గుర్తొచ్చాయి. ఇంటికి పోగానే ఆమెకు ఈ మాట చెప్పాలనుకున్నాను.

అవ్వ లేచి గోడ పట్టుకుని లోపలికి పోయింది. అన్నం, పప్పు పెట్టుకొచ్చి నా ముందర పళ్లెం పెట్టింది. నేను చెయ్యి కడుక్కునేలోపల ఆ పళ్లెం అంచు నుంచి ఒక్క మెతుకు తీసింది. ఎడమచేతి వేలితో డబ్బా ఎక్కడుందో వెతుక్కుని, కుడిచేత్తో ఆ మెతుకు అందులో పెట్టింది. ఒక్క మెతుక్కే డబ్బా నిండిపోయింది.